‘ఇక్కడ వాన లేదు కదా!’: నదీతీర గుడారాలపై అపోహలు, వాస్తవాలు

నదీతీర పార్కుల్లో విద్యార్థి బృందాలు రాత్రి బస చేసేందుకు గుడారాల స్థలాలకు ప్లాన్లు వేయడం నా వృత్తి. గోదావరి వెంబడి ఎక్కడికి వెళ్లినా మొదట వినిపించే మాట ఒక్కటే: ‘గుడారాలు నీళ్ల పక్కనే ఉండాలి, ఇక్కడ వాన లేదు కదా, భయమేముంది?’

అపోహ: మన దగ్గర వాన పడకపోతే నది పెరగదు.

మన ముందు పారే నీరు మన ఊళ్లో కురిసినది కాదు. మహారాష్ట్రలోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ పడిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మీదుగా గోదావరికి చేరుతుంది. అందుకే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఎర్రనీరు దిగుతుంది. ఎగువన జలవిద్యుత్ కేంద్రమో గేట్లున్న ఆనకట్టో ఉంటే నీరు పెరగడానికి ఆ రోజు వాన కూడా అక్కరలేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో, బియాస్ నదిలోకి దిగిన 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఎగువ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. అది చీకటి పడకముందే జరిగింది. అదే నీరు పిల్లలు నిద్రలో ఉండగా వస్తే ఏమవుతుందన్నది ప్లాను గీసే ప్రతిసారీ నన్ను వెంటాడే ప్రశ్న.

‘భద్రాచలంలో మొదటి హెచ్చరిక ఇంకా రాలేదు’ అని ధైర్యం చెప్పేవారూ ఉన్నారు. నది 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు ఇచ్చే మొదటి, రెండో, మూడో వరద హెచ్చరికలు భద్రాచలం దగ్గరి కొలతకు సంబంధించినవి. మీ ఇసుక తిన్నె అంతకు ఎంతో ముందే మునగవచ్చు. అక్కడే 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదయ్యాయి కనుక, ఒకసారి వచ్చిన వరద మళ్లీ రాదనుకోవడం కూడా పొరపాటే.

ఒక పార్కులో అంతకుముందు వేసిన ప్లాను పట్టుకుని తిరుగుతుండగా, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను పిలిచి మద్ది చెట్టు కొమ్మల సందు చూపించారు. నా తలకు జానెడు ఎత్తున ఎండిన గడ్డి, గోనె పీచు, పసిపిల్లల చెప్పు ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ‘మొన్నటి వరదకు నీరు అందాకా వచ్చింది బాబూ’ అన్నారాయన. ప్లానులో ఎనిమిది గుడారాలు ఆ చెట్టుకు దిగువన, నీటి వైపే ఉన్నాయి. ఏ సర్వే పటానికన్నా ముందు ఇటువంటి ఆనవాలు వెతకడం నేను ఆ రోజే నేర్చుకున్నాను.

మిగిలినవి క్లుప్తంగా. మరుగుదొడ్ల ఇంకుడు గుంతను ఇసుకలో తవ్వితే మురుగు వడపోతకు నిలవకుండా నదికే చేరుతుంది. గుంతలు గట్టు పైన, తాగునీటి బోరుకు దూరంగా ఉండాలి. గుడారాల చుట్టూ కిరోసిన్ చల్లితే పాములు రావన్నది వట్టి పుకారు, దయచేసి ప్రచారం చేయకండి. తిండి మెతుకులు ఎలుకలను, ఎలుకలు పాములను రప్పిస్తాయి. కాబట్టి వంటశాల విడిగా ఉండాలి, గుడారాల జిప్పులు మూసి ఉండాలి. గాలి లేనప్పుడు కూడా ఎండుకొమ్మ విరిగి పడుతుంది గనుక, చెట్టు నీడ ఒక్కటే చూసి స్థలం ఎంచుకోకూడదు.

పిల్లలను పంపాలా వద్దా అని నన్ను అడిగే తల్లిదండ్రుల భయాన్ని పిరికితనమని నేను ఎన్నడూ అనను. వారు నిర్వాహకులను మూడు విషయాలు అడగాలి: పడుకునే చోటు పాత వరద ఆనవాలుకు ఎంత ఎత్తున ఉంది, ఎగువన నీరు వదిలితే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు, చీకట్లో పైరోడ్డుకు చేరే దారి ఏది. వీటికి వెంటనే జవాబు రాని చోటికి పంపనవసరం లేదు.

ఆ పార్కులో ఇప్పుడు గుడారాలు మద్ది చెట్టు ఆనవాలుకు బాగా ఎగువన, పైగట్టు మీద ఉన్నాయి. ఇసుక తిన్నె పగటి ఆటలకే పరిమితం. పొద్దు గుంకకముందే ఉపాధ్యాయులు పిల్లలందరినీ లెక్కపెట్టి పైకి తీసుకువస్తారు, ఆపైన తిన్నెకు దిగే మెట్ల గేటుకు తాళం పడుతుంది.