కోర్టుకు వెళ్లకుండా ట్రాఫిక్ టికెట్‌పై పోరాటం: కాలిఫోర్నియాలో అపోహలు - వాస్తవాలు

"కోర్టుకు వెళ్లకుండానే టికెట్ కొట్టేయించుకోవచ్చట కదా?" ట్రాఫిక్ కేసులు చూస్తాను కాబట్టి, ఇక్కడ కాలిఫోర్నియాలో మనవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. వాదించుకోవచ్చు. వెహికల్ కోడ్ 40902 సెక్షన్ ఆ వీలు ఇస్తోంది. రాతపూర్వక విచారణ కోరే టీఆర్-205 ఫారం నింపి, మీ వాదన జతచేసి గడువులోగా పంపితే కాగితాలు చూసే తీర్పు చెబుతారు. మద్యం, డ్రగ్స్ కేసులకు, తప్పనిసరిగా హాజరు కావాల్సిన వాటికి మాత్రం ఈ దారి లేదు. మిగతాదంతా వాట్సాప్ పాండిత్యం.

అపోహ: టికెట్ మీద సంతకం పెట్టేశాను, ఇంకేం వాదిస్తాను?

వాస్తవం: ఆ సంతకం కోర్టుకు జవాబు చెప్తానన్న హామీ మాత్రమే. తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

అపోహ: మర్యాదగా ఒక సారీ లెటర్ రాస్తే చాలు.

వాస్తవం: కేసులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. "ఆఫీసుకు లేటవుతోందన్న టెన్షన్‌లో స్పీడ్ చూసుకోలేదు, క్షమించండి" అని రాశారంటే నేరం మీరే రాసిచ్చినట్టు. ముందు టికెట్ మీద సెక్షన్ నంబర్ చూడండి. 22350 అయితే, బోర్డు మీది వేగం దాటినా ఆ సమయానికి, ఆ పరిస్థితుల్లో మీ వేగం సురక్షితమేనని చూపించే అవకాశం ఉంది. మధ్యాహ్నం రెండు గంటలు, పొడి రోడ్డు, దూరం దాకా కనిపిస్తోంది, చుట్టూ వాహనాలు లేవు... ఇలాంటి వివరాలు, వీలైతే ఫొటోలతో పెట్టండి. 22349 అయితే ఈ వాదన చెల్లదు. అది మామూలుగా హైవేల మీద 65 మైళ్లు, మధ్యలో డివైడర్ లేని రెండు లేన్ల రోడ్ల మీద 55 మైళ్ల గరిష్ఠ పరిమితి. రోడ్డు ఖాళీగా ఉందంటే ఎవరూ వినరు. వేగం ఎలా కొలిచారు, కొలిచింది మీ కారునేనా అన్నదాని మీదే మాట్లాడాలి. ఒకటి గుర్తుంచుకోండి, మీరు రాసేది ప్రమాణపూర్వక వాంగ్మూలం. జరగనిది కల్పించి రాస్తే టికెట్ కంటే పెద్ద కేసు అవుతుంది.

అపోహ: టికెట్ రాసిన ఆఫీసర్ తన వైపు వాంగ్మూలం ఎలాగూ రాసి పంపడు, కేసు దానంతటదే పోతుంది.

వాస్తవం: పోవచ్చు, పోకపోవచ్చు. అదే 40902 ప్రకారం టికెట్ కాగితాన్నే సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఆయన బద్ధకాన్ని నమ్ముకుని రెండు లైన్లు గీకి పంపకండి.

అపోహ: డబ్బు ముందే కట్టడమంటే ఓడిపోయినట్టే.

వాస్తవం: ఈ దారిలో ముందే కట్టే డబ్బును 'బెయిల్' అంటారు. అది డిపాజిట్ మాత్రమే, నిర్దోషి అని తేలితే వెనక్కి వస్తుంది. కాకపోతే ఆన్‌లైన్‌లో మామూలు జరిమానాగా కట్టేశారో, కేసు అక్కడితో ముగిసినట్టే. అందుకే టీఆర్-205తో పాటే కట్టండి.

అపోహ: రాతపూర్వక విచారణలో ఓడితే ఇక అంతే.

వాస్తవం: టీఆర్-220 ఫారం వేసి మొదటినుంచి కొత్తగా విచారణ కోరవచ్చు. ఈసారి మాత్రం కోర్టు మెట్లు ఎక్కాల్సి రావచ్చు. గడువు 20 రోజులు. లెక్క తీర్పును పోస్ట్ చేసిన తేదీ నుంచి మొదలవుతుంది, మీరు కవరు చింపిన రోజు నుంచి కాదు.