కెమిస్ట్రీ లేని బయోకెమిస్ట్రీ: సింగిల్ మేజర్ గొడవ ఎక్కడ మొదలైంది

ఏపీ డిగ్రీ కాలేజీల్లో సింగిల్ మేజరా (ఒక్కటే ప్రధాన సబ్జెక్టు) డబుల్ మేజరా (రెండు) అన్న పంచాయితీ మళ్ళీ లేచింది. 2023-24లో చేరిన మొదటి సింగిల్ మేజర్ బ్యాచ్ మూడేళ్ళ లెక్కన 2026లో బయటికి రావాలి, అందుకే ఈసారి సెగ ఎక్కువ. అన్ని సబ్జెక్టులవాళ్ళూ గోల పెడుతున్నారు గానీ బయోకెమిస్ట్రీ వాళ్ళ బాధ కొంచెం వేరు. బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గర్నుంచి సీసీఎంబీ, జీనోమ్ వ్యాలీ దాకా చరిత్రంతా ప్రతి కాలేజీ బ్రోచర్లోనూ ఉంటుంది కాబట్టి అది వదిలేసి నేరుగా 2023కి వచ్చేద్దాం, ఎందుకంటే నా లెక్కలో ముడి పడింది అక్కడే.

అంతకుముందు బీఎస్సీ అంటే మూడు సబ్జెక్టులు, మూడింటికీ సమాన బరువు. బయోకెమిస్ట్రీ తీసుకున్నవాడికి ఎక్కువగా పక్కన బయోటెక్నాలజీయో మైక్రోబయాలజీయో జువాలజీయో ఉండేది, మూడోది కెమిస్ట్రీ. ఆ కెమిస్ట్రీయే వీళ్ళకి పెరటి గుమ్మం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో సీటు రాకపోతే ఆర్గానిక్ కెమిస్ట్రీకి వెళ్ళేవాళ్ళు, అక్కణ్ణుంచి ఫార్మా కంపెనీలకి. టీచర్ అవుదామనుకున్నవాళ్ళది ఇంకో దారి. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ బయాలజీ పోస్టుకి బోటనీ, జువాలజీ రెండూ ఉండాలి, లేదా వాటిల్లో ఒకటి, దానికి అనుబంధ సబ్జెక్టు ఇంకోటి ఉండాలి, అవి మూడేళ్ళూ ఆప్షనల్‌గా, అంటే డిగ్రీ ప్రధాన సబ్జెక్టులుగా చదివుండాలి. అంటే జువాలజీ పక్కన బయోకెమిస్ట్రీ చదివినవాడికి అదీ ఒక ఆధారమే.

2022 డిసెంబర్లో యూజీసీ కొత్త క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఇచ్చింది. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు (క్రెడిట్ అంటే కోర్సు బరువుకి కొలత), నాలుగేళ్ళ ఆనర్స్‌కి 160. మూడేళ్ళదాంట్లో మేజర్‌కి కనీసం 60, మైనర్‌కి, అంటే పక్కన చదివే చిన్న సబ్జెక్టుకి, 24. ఇక్కడ చాలామంది చూడనిది ఏంటంటే, అదే డాక్యుమెంట్లో డబుల్ మేజర్ కూడా ఉంది, రెండో సబ్జెక్టులో 48 క్రెడిట్లు చేస్తే చాలు. అంటే ఢిల్లీ నుంచి వచ్చిన కాగితం రెండు తలుపులూ తెరిచే పెట్టింది, మనవాళ్ళు ఒకటి వేసేసి 2023-24 నుంచి సింగిల్ మేజర్ అన్నారు. కేంద్రం చెప్పింది కాబట్టి చేశాం అనే మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ 48 గుర్తొస్తుంది.

సరే, ఒక్క సబ్జెక్టే లోతుగా చదివితే మంచిదే కదా అంటారు. లోతు ఎంతో చూద్దాం. మొదటి సెమిస్టర్లో బైపీసీ పిల్లలకి తమ సబ్జెక్టు పేపర్లు లేవు, క్లాసికల్ బయాలజీ పరిచయం, అప్లైడ్ బయాలజీ పరిచయం అని రెండు కోర్సులు, అందులో సగం ఇంటర్లో చదివిందే. మూడో ఏట ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్‌కి పోతుంది. ఆరింట్లో రెండు తీసేస్తే బయోకెమిస్ట్రీ క్లాసులో కూర్చునేది నాలుగు సెమిస్టర్లు, ల్యాబూ ఆ నాలుగింట్లోనే.

ఆ ల్యాబ్‌లో ఏం చేస్తారంటే, ఉదాహరణకి ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చాలి. వాడేది ఫిస్క్-సుబ్బారో పద్ధతి, 1925 నాటిది, మన సుబ్బారావు గారిదే (బ్రోచర్లో వదిలేసినా ల్యాబ్‌లో తగులుతారు). యాసిడ్‌లో మాలిబ్డేట్ కలిపి రిడ్యూసింగ్ ఏజెంట్ వేస్తే నీలం రంగు వస్తుంది, దాన్ని కలరీమీటర్లో (రంగు గాఢత కొలిచే పరికరం) పెట్టి స్టాండర్డ్ గ్రాఫ్ గీసి లెక్క కడతారు. ఇందులో బయాలజీ ఎక్కడుంది? రిడక్షన్, నార్మాలిటీ, బీర్-లాంబర్ట్ లా, అంతా కెమిస్ట్రీయే. పక్క ల్యాబ్‌లో కెమిస్ట్రీ మేడం దగ్గర వారంవారం టైట్రేషన్ చేసొచ్చిన పిల్లాడికి అది చేతికి అలవాటు, ఇప్పుడు అదీ బయోకెమిస్ట్రీ మాస్టారే మొదట్నుంచి చెప్పుకోవాలి.

కెమిస్ట్రీని మైనర్‌గా తీసుకోవచ్చుగా అని అడుగుతారు. తీసుకోవచ్చు, కాలేజీ ఆ మైనర్ ఇస్తే. పైగా మైనర్ రెండో సెమిస్టర్ నుంచి మొదలవుతుంది, మేజర్ బరువులో సగం కూడా ఉండదు. అసలు మైనర్‌ని డీఎస్సీలో మూడేళ్ళూ చదివిన ఆప్షనల్ కింద లెక్కేస్తారా లేదా అన్నదే ఇప్పుడు పిల్లలు పట్టుకుని తిరుగుతున్న ప్రశ్న. రూల్సేమో మూడు ఆప్షనళ్ళ కాలంలో రాసినవి, డిగ్రీ మెమోలేమో కొత్తవి.

ఉన్నత విద్యామండలి వైపు వాదన కూడా చెప్పాలి. మూడు పడవల మీద కాళ్ళు పెడితే దేంట్లోనూ పట్టు రాదు, నాలుగో ఏడు ఆనర్స్ చేస్తే ఎమ్మెస్సీ ఒక్క ఏడాదిలో అయిపోతుంది, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతమో ఆపైనో వస్తే రీసెర్చ్‌తో ఆనర్స్ కూడా చెయ్యొచ్చు అంటారు. కాగితం మీద బానే ఉంది, పరికరాలున్న పెద్ద కాలేజీల్లో అది నడవొచ్చు కూడా. మండలంలో ఒక కలరీమీటరూ ఒక సెంట్రిఫ్యూజూ ఉన్న కాలేజీలో నాలుగో ఏడు రీసెర్చ్ ఏం చేయిస్తారో మరి.

తెలంగాణ మాత్రం సింగిల్ మేజర్ జోలికి పోలేదు, దోస్త్‌లో (అక్కడి డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఇప్పటికీ కెమిస్ట్రీతో కలిపిన కాంబినేషన్లు కనిపిస్తాయి. బోర్డర్ జిల్లాల తల్లిదండ్రులు పోల్చి చూసుకోకుండా ఎలా ఉంటారు.

ఇక డబుల్ మేజర్ పెట్టినా అది కొత్తగా చేరేవాళ్ళకే వర్తిస్తుంది. 2023లో చేరినవాళ్ళ చేతికి వచ్చేది ఒకే మేజర్ ఉన్న మెమో, డీఎస్సీ అప్లికేషన్లో రెండో ఆప్షనల్ గడి దగ్గర వాళ్ళేం రాయాలో ముందు ఎవరో ఒకరు జీవో ఇచ్చి చెప్పాలి.