గాండో బడి వెనక కథ

పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో, రాజధాని వాగడుగు నుంచి ఆగ్నేయంగా 200 కిలోమీటర్ల దూరం పోతే గాండో అనే పల్లె వస్తుంది. 2001లో అక్కడ మూడు గదుల బడి లేచింది. కట్టింది ప్రభుత్వం కాదు, పేరున్న పెద్ద సంస్థా కాదు. బెర్లిన్‌లో చదువుకుంటున్న ఆ ఊరి మనిషే దియెబెదో ఫ్రాన్సిస్ కేరే ఒక చిన్న సేవాసంస్థ పెట్టి, చందాలు పోగుచేసి కట్టించారు. 2004లో దానికి ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. 2022లో కేరేకి ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమని పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. ఆఫ్రికా నుంచి అది అందుకున్న మొదటి ఆర్కిటెక్ట్ ఆయనే.

అవార్డుల సంగతి అందరూ రాశారు. అసలు ఆ ఊరికి బడి కోసం చందాలెత్తే అవసరం ఎందుకొచ్చిందన్నది తక్కువ మంది పట్టించుకున్నారు.

ఈ దేశాన్ని ఫ్రాన్స్ 1919లో అప్పర్ వోల్టా పేరుతో వలసగా ఏర్పాటు చేసింది. 1932లో దాన్నే రద్దు చేసి ముక్కలుగా ఇరుగుపొరుగు వలసల్లో కలిపేసింది. పెద్ద ముక్క ఐవరీ కోస్ట్‌కు పోయింది. అక్కడి తోటలకు కూలీలు కావాలి, వాళ్లు ఇక్కడ దొరుకుతారు. 1947లో మళ్లీ అతికించారు. కూలీల కొట్టంగా చూసిన చోట ఎవరూ బడులు కట్టరు కదా. 1960లో స్వాతంత్ర్యం వచ్చేసరికి కొత్త ప్రభుత్వం చేతికి అందింది దాదాపు ఖాళీ పలక.

1983లో అధికారంలోకి వచ్చిన థామస్ సంకరా మరుసటి ఏడాది దేశం పేరును బుర్కినా ఫాసోగా మార్చాడు. 1986లో పల్లెల్లో అక్షరాస్యత ఉద్యమం నడిపించాడు. ఆ మరుసటి ఏడాదే తిరుగుబాటులో హతమయ్యాడు. 1991లో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్‌ల షరతులతో ఆర్థిక సర్దుబాటు, అంటే ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకోవడం, మొదలైంది. ప్రభుత్వం చేరని పల్లెల్లోకి సేవాసంస్థలు వచ్చాయి.

కేరే పుట్టింది 1965లో. తండ్రి ఊరి పెద్ద. ఉత్తరాలొస్తే చదివిపెట్టేవాడు ఇంట్లో ఒకడుండాలని పెద్దకొడుకును చదువుకు పంపాడు. గాండోలో బడి లేదు కాబట్టి ఏడేళ్లవాడు ఇల్లు వదిలి టెంకోడోగో పట్నం వెళ్లాల్సి వచ్చింది. సెలవులకు వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు గడప గడపకూ వెళ్లి చెప్పి రావాలి. ఊళ్లో ఆడవాళ్లు కొంగుముడి విప్పినట్టు బట్టల మడతల్లో దాచుకున్న ఆఖరి నాణెం తీసి పిల్లాడి చేతిలో పెట్టేవారట. ఎందుకిస్తున్నారని అమ్మను అడిగితే, నీ చదువు ఖర్చుకు వాళ్ల వంతు అది, నువ్వు బాగుపడి తిరిగొచ్చి ఊరికేదైనా చేస్తావని వాళ్ల ఆశ అందట. ఈ మాట ఆయనే సభల్లో చెప్పారు. నా లెక్కలో గాండో బడికి మొదటి చందా ఆ నాణేలే.

వడ్రంగం నేర్చుకునేందుకు స్కాలర్‌షిప్‌తో జర్మనీ వెళ్లిన కేరే, తర్వాత బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్‌లో చేరారు. చదువు పూర్తికాకముందే, 1998లో, స్నేహితులతో కలిసి సంస్థ పెట్టారు. జర్మన్‌లో దాని పేరుకు గాండో బడికి ఇటుకలు అని అర్థం. దాదాపు 50,000 డాలర్లు పోగయ్యాయి.

డబ్బు చేతికొచ్చాక అసలు టెన్షన్ ఊళ్లోనే మొదలైంది. మట్టితో కడదామంటే జనం ఒప్పుకోలేదు. మట్టిగోడ ఒక్క వానకాలం దాటితే గొప్ప, ఆ సంగతి ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు, ఇన్నేళ్లు విదేశంలో చదివింది ఇందుకా అన్నారు. వాళ్ల అనుమానం న్యాయమైనదే. సిమెంట్ కట్టడం అంటే గౌరవం, పట్నం. మనవైపు పల్లెల్లో మట్టి మిద్దె పడగొట్టి స్లాబు వేసుకున్నవాళ్లను అడగండి, ఇదే మాట చెబుతారు.

కానీ అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాంక్రీటు గోడల మీద రేకులు పరిస్తే లోపల పిల్లలు ఉడికిపోతారు. కేరే చేసిందేమిటంటే, మట్టిలో కొంచెం సిమెంట్ కలిపి మరలో ఒత్తి ఇటుకలు పోయించారు. పైకప్పు కూడా ఇటుకలతోనే వేసి, దానికి పైన ఖాళీ వదిలి, ఇనుప చువ్వల దన్నుతో రేకుల కప్పును ఎత్తి నిలబెట్టారు. వేడిగాలి ఆ సందులోంచి బయటికి పోతుంది. రేకులు గోడల కన్నా బాగా ముందుకు వచ్చి ఉంటాయి, వాన గోడను తాకదు. ఊరి భయానికి జవాబు ఆ చూరే.

పునాది రాళ్లు పిల్లలు ఏరుకొచ్చారు. ఇటుకలకు నీళ్లు ఆడవాళ్లు మోశారు. నేలను వరసగా నిలబడి గంటల తరబడి కొట్టి, రాళ్లతో రుద్ది నున్నగా చేసిందీ వాళ్లే. మన పాతిళ్లలో దిమ్మిస కొట్టిన నేల గుర్తున్నవాళ్లకు అదెంత చాకిరీయో తెలుసు. ప్రభుత్వ సంస్థ లోకోమాట్ ఇటుకల పని నేర్పింది. ఆ పని పట్టుబడ్డ యువకులకు తర్వాత వేరే చోట్లా కూలి దొరికింది. పక్కనున్న రెండు ఊళ్లు తామే కలిసి బడులు కట్టుకున్నాయి.

బడి ఉంటే చాలదు, టీచరు రావాలి. ఉండడానికి ఇల్లు లేని పల్లెకు ఎవరొస్తారు? 2004లో టీచర్లకు ఆరిళ్లు కట్టారు. 120 మందితో మొదలైన బడిలో పిల్లలు 700కు చేరారు. 2008లో కొత్త గదులు వచ్చాయి. గ్రంథాలయం పైకప్పు కోసం ఊరి ఆడవాళ్లు చేసిన కుండల అడుగులు కోసి అమర్చారు, వెలుతురు, గాలి వాటిలోంచే వస్తాయి.

దీనికి పూర్తి ఎదురు కథ కూడా ఆ రోజుల్లోనే నడిచింది. పిల్లలు రంగులరాట్నంలా తిప్పి ఆడుకుంటుంటే నీళ్లు పైకెక్కే ప్లేపంప్‌ను దక్షిణాఫ్రికాలో తయారుచేశారు. 2010కల్లా 4,000 పెడతామని 2006లో అమెరికాలో అట్టహాసంగా ప్రకటించారు. పిల్లలు ఎంతసేపని తిప్పుతారు? చాలాచోట్ల ఆ చక్రాన్ని ఆడవాళ్లే తోయాల్సి వచ్చింది. చెడిపోతే బాగుచేసుకోవడం ఊరి చేతిలో లేదు. లక్ష్యం దగ్గరికి కూడా చేరకుండానే అది ఆగింది.

అలాగని గాండోను నమూనాగా పట్టుకుని ప్రతి ఊరికీ అతికించాలని చూడటం నాకు నచ్చదు. గాండోకు బెర్లిన్‌లో చదివిన సొంత బిడ్డ ఉన్నాడు, అతనికి అక్కడ చందాలిచ్చే స్నేహితులున్నారు. మిగతా ఊళ్లకు ప్రభుత్వమే దిక్కు, ఆ ప్రభుత్వం ఇప్పుడు కష్టాల్లో ఉంది. సాయుధ ముఠాల దాడులతో 2023 నాటికి బుర్కినా ఫాసోలో 6,000కు పైగా బడులు మూతపడ్డాయి. అంటే నాలుగింట ఒకటి. వాటిలో చాలావాటికి గోడలు, కప్పులు బాగానే ఉండి ఉంటాయి.

గాండోలో ఉన్నత పాఠశాల పని 2011లో మొదలైంది. దానికి నాబా బెలెం గుమ్మా పేరు పెట్టారు. ఉత్తరాలు చదివిపెడతాడని కొడుకును చదువుకు పంపిన పెద్దాయన పేరు అది.