కొండమీద టెంటు: చిరుతపులి సరే, కిందున్న నేల సంగతేమిటి? (అపోహలు - వాస్తవాలు)

వైజాగ్ నుంచి అరకు వైపో, పాడేరు, లంబసింగి వైపో జనం లేని చోటు వెతుక్కుంటూ టెంటుతో బయల్దేరేవాళ్లు మొదట అడిగేది చిరుతపులి గురించే. టెంటు ఏ నేల మీద వేస్తున్నాం, ఆ నేల ఎవరిది అన్న ప్రశ్న చాలా అరుదు. పొరపాట్లన్నీ అక్కడే మొదలవుతాయి.

"ఊరికి దూరంగా ఉన్న కొండ ఎవరిదీ కాదు, ఎక్కడైనా దిగొచ్చు"

మన్యంలో ఎవరిదీ కాని కొండ దాదాపు ఉండదు. అడవి చాలావరకు రిజర్వు ఫారెస్టు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం అనుమతి లేకుండా అందులోకి చొరబడటం, నిప్పు పెట్టడం నేరాలు. గడ్డికొండలు ఖాళీగా కనిపిస్తాయిగానీ అవి ఏదో గూడెం పశువులు మేసే చోటు కావచ్చు. లేదా 2006 అటవీ హక్కుల చట్టం కింద ఓ పోడు రైతు పట్టా పొందిన భూమి కావచ్చు. చోళ్ల పంటో వలిసెల పంటో కోసేశాక బోడిగా కనిపిస్తుంది, అంతే. కంబాలకొండ నగరాన్ని ఆనుకునే ఉన్నా అది అభయారణ్యం. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, అనుమతి లేని రాత్రి బస కుదరదు.

అడవైతే ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అడగండి. ఊరి భూమైతే వెలుగుండగానే గూడెం పెద్దని కలవండి. చీకటిపడ్డాక టార్చిలైట్లతో వెళ్తే ఎవరికైనా అనుమానమే. దారి చూపడానికి ఊళ్లోంచి ఒక కుర్రాణ్ని వెంట తీసుకెళ్లి కూలి ఇవ్వండి. నీళ్లెక్కడున్నాయో, పశువులు ఏ దారిన దిగుతాయో అతనికి తెలుసు. ఇక జనం లేకపోవడమంటారా, పాడేరు దగ్గర జనం ఎగబడే వంజంగి కొండ లాంటి చోట కూడా శని, ఆదివారాలు వదిలేస్తే సగం పని అయినట్టే.

"వైజాగ్ చలే కదా, ఒక దుప్పటి చాలు"

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన నగరంలో 18 ఉన్న రాత్రి లంబసింగిలో 12 ఉండాలి. కానీ జనవరిలో అక్కడ 5 కంటే కిందికి పడే రాత్రులున్నాయి. కారణం, మబ్బు లేని రాత్రి కొండవాలు మీది గాలి చల్లబడి, బరువెక్కి, పల్లంలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. మంచు చూడాలని సరిగ్గా ఆ పల్లంలోనే టెంటు వేస్తారు! పల్లం అడుగుభాగం నుంచి 20, 30 మీటర్లు పైకి, వాలులో చదునైన చోటు చూసుకోండి. శిఖరం మీద వద్దు, అక్కడ గాలి ఎక్కువ.

పైన ఎన్ని కప్పుకున్నా కింద నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒంటి బరువుకి నలిగిపోయిన స్లీపింగ్ బ్యాగ్ అడుగుభాగం చలి ఆపదు. కనీసం 10 మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్ వేయండి. మామూలు గాలిపరుపు మెత్తగా ఉంటుందేగానీ లోపలి గాలి తిరుగుతూ ఉంటుంది కాబట్టి నేలంత చల్లగానే ఉంటుంది. దాని మీద కూడా మ్యాట్ ఉండాల్సిందే.

"తెల్లారేసరికి లోపల తడిసిందంటే టెంటు కారుతున్నట్టే"

చాలాసార్లు అది మీ ఊపిరే. ఒక మనిషి ఊపిరిలోంచి, చర్మంలోంచి రాత్రికి పావు లీటరు దాకా నీరు ఆవిరవుతుంది. అది చల్లటి గుడ్డకి తగిలి బొట్లుగా మారుతుంది. చలికి భయపడి గాలికంతలన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువవుతుంది. పైకప్పు దగ్గర రెండు వైపులా బెత్తెడు తెరిచి ఉంచండి, దోమతెర జిప్పు మాత్రం పూర్తిగా వేయండి.

అడుగున తడైతే తప్పు టెంటు కింద పరిచిన టార్పాలిన్‌ది. అది టెంటు కంటే పెద్దదైతే పైన పడ్డ వాననీళ్లని పోగుచేసి మీ కిందికే పంపుతుంది. టెంటు అంచు కంటే ఓ రెండు అంగుళాలు లోపలికే ఉండేలా నాలుగు వైపులా మడవండి. చుట్టూ కాలువ తవ్వడం పాత అలవాటు. గడ్డి వేళ్లు తెగితే తర్వాతి వానకి ఆ మట్టి కొట్టుకుపోతుంది.

"మంట వేస్తే వెచ్చన, జంతువులూ రావు"

ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఎండుగడ్డిలో ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాస్ స్టవ్ మీద వండుకోండి. చిన్న డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యుటేన్. సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అది ఆవిరవడం మానేస్తుంది. తెల్లవారుజామున స్టవ్ నీరసంగా మండేది అందుకే. డబ్బాని రాత్రి దుప్పట్లో పెట్టుకోండి, లేదా గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచండి. మంట మీద కాచడం మాత్రం ప్రాణాంతకం.

అంతకంటే ఘోరం, చలికి బొగ్గుల కుంపటి టెంటులోకి తేవడం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, దగ్గు రాదు. నిద్రలోనే మనిషి పోతాడు.

"చుట్టూ ఉప్పు, ఫినాయిల్ చల్లితే పాము రాదు"

వస్తుంది. నేలమీద పడుకున్నవాళ్లని రాత్రిపూట కాటేసేది ముఖ్యంగా కట్లపాము. దాని కాటుకి నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా సరిగా కనిపించకపోవచ్చు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. బిగించి కట్టు కట్టొద్దు, బ్లేడుతో గాటు పెట్టొద్దు. ఆ అవయవాన్ని కదలనీయకుండా 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చండి. జిప్పు మూసిన టెంటు ఏ ఉప్పుకన్నా మెరుగు. బూట్లు లోపలే పెట్టుకోండి. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో పగలే చూసి ఉంచుకోండి.

"కొండ ఊట నీళ్లు మినరల్ వాటర్ కన్నా మంచివి"

పైన పశువులు మేస్తుంటాయి. గుడ్డతో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగించండి. వంటతో కలిపి మనిషికి రోజుకి 4 లీటర్లు లెక్కేసుకోండి. మలవిసర్జనకి నీటి నుంచి 70 అంగలు దూరం వెళ్లి, జానెడు లోతు గొయ్యి తీసి, పూడ్చండి.

"దోమలు లేవంటే జ్వరం భయం లేదు"

గడ్డిలో, పొదల్లో కంటికి కనిపించనంత చిన్న మైట్ పురుగుల పిల్లలు (మంచాల్లో ఉండే నల్లులు కావు) స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అంటిస్తాయి. కుట్టినట్టు కూడా తెలీదు. పొడుగు చేతుల చొక్కా వేసి, ప్యాంటు మేజోళ్లలోకి దోపండి. గడ్డిలో నేరుగా కూర్చోకండి, ఆరేసిన బట్టలు దులపండి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలన్నీ ఉతకాలి. ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, తలనొప్పి వస్తే చంకలు, గజ్జలు, నడుము దగ్గర నల్లగా మాడినట్టున్న చెక్కు ఉందేమో చూసుకోండి. చెక్కు లేకపోయినా సరే, కొండ గడ్డిలో పడుకున్నామని డాక్టరుకి మీరే చెప్పండి. తొందరగా పోల్చుకుంటే మామూలు డాక్సీసైక్లిన్‌తో తగ్గే జబ్బు ఇది.