200 తూటాలు ఆగకుండా పేలితే ఆ పిస్టల్‌ని నమ్మేయొచ్చా?

రాజాం వైపు నుంచి ఒక పెద్దాయన అడిగారు. వాళ్ళ మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటున్నాడట, ఇంటి రక్షణకని చవకలో 9 ఎంఎం పిస్టల్ కొన్నాడు, రీకాయిల్ స్ప్రింగూ (వెనక్కొచ్చిన పై భాగాన్ని మళ్ళీ ముందుకి తోసేది) ట్రిగ్గరూ కొత్తవి వేశాడు, అవి మార్చకముందూ మార్చాకా కలిపి 200 తూటాలు కాల్చాడు, ఒక్కటీ ఇరుక్కోలేదు. "ఇంక భయం లేనట్టేనా మాస్టారూ?" అని. ఈ ప్రశ్న లోపల నాకు ప్రాణమైన లెక్క ఒకటుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. నిజమే, అన్ని మెతుకులూ ఒకే నీళ్ళలో ఒకే మంట మీద ఉన్నాయి కాబట్టి ఒకటి ఉడికితే పక్కదీ ఉడికినట్టే. కానీ ఇక్కడ మనం వెతికేది బియ్యంలో రాయి. పది ముద్దలు తిన్నాం, రాయి తగల్లేదు, అంతమాత్రాన రాళ్ళు లేవనగలమా? తక్కువున్నాయి అనగలం, అంతే. ఎంత తక్కువో చెప్పడానికి ఒక సులువైన సూత్రం ఉంది: ఎన్నిసార్లు చూసినా ఒక్క తప్పూ రాకపోతే, 3ని ఆ సంఖ్యతో భాగించండి. నూటికి 95 పాళ్ళ నమ్మకంతో, అసలు తప్పుల రేటు దానికి మించి ఉండదు. 200కి 3 అంటే నూటికి ఒకటిన్నర, అంటే దాదాపు 67 తూటాలకి ఒకటి ఇరుక్కునే పిస్టల్ కూడా ఈ పరీక్ష పాసైపోయే వీలుంది! నమ్మకం లేకపోతే 0.985ని 200 సార్లు గుణించి చూడండి, దాదాపు 0.05 వస్తుంది. ఆ 3 ఎక్కడిదంటే 0.05 సహజ లాగరిథమ్ మైనస్ 2.996, అదే. ఇంటర్‌లో మనం నాణేలూ పాచికలతోనే ప్రాబబిలిటీ ముగించేస్తాం, ఇలాంటిది ఒక్కటి చెప్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

1911లో అమెరికా సైన్యం కోల్ట్ పిస్టల్‌ని 6000 రౌండ్లు కాల్చి పరీక్షించింది, వేడెక్కినప్పుడు నీళ్ళ బకెట్లో ముంచి మళ్ళీ కాల్చారు, ఒక్కసారి కూడా ఆగలేదు. మన సూత్రం వేస్తే 2000కి ఒకటి కంటే మెరుగు అన్నమాట.

ఇప్పుడు రాయి ఎక్కడ దాక్కుంటుందో చూద్దాం. ఏడున్నర గ్రాముల గుండు సెకనుకి 350 మీటర్ల వేగంతో ముందుకెళ్తే, దాదాపు అదే మొమెంటంతో అర కిలో లోపు బరువుండే స్లైడూ (పిస్టల్ మీద జారే పై భాగం) బ్యారెలూ (గొట్టం) వెనక్కి వస్తాయి, సెకనుకి 5, 6 మీటర్ల వేగం. బ్యారెల్ కొంచెం వెనక్కొచ్చి కిందికి వంగి ఆగిపోతుంది, స్లైడ్ ఒక్కటే ఇంకా వెనక్కెళ్తుంది, దాని చిన్న కొక్కెం పేలిపోయిన తూటా ఖాళీ కేసు (ఇత్తడి డొప్ప) అంచుని పట్టి లాగుతుంది, కేసు ఎజెక్టర్ అనే చిన్న మొనకి తగిలి పక్కకి ఎగిరిపోతుంది, తిరిగొచ్చే స్లైడ్ మ్యాగజైన్‌లోంచి (పిడిలో తూటాలు పేర్చే పెట్టె) కొత్త తూటాని తోస్తుంది, ఇదంతా సెకనులో పదో వంతు కూడా పట్టదు. రీకాయిల్ స్ప్రింగ్ మరీ గట్టిదైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ కేసు మధ్యలో నిలబడిపోతుంది. చెయ్యి వదులుగా పట్టినా అంతే, ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి పోతుంది కదా. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని స్ట్రైకర్ (తూటా అడుగున కొట్టే సూది) స్ప్రింగ్ మెత్తనిది వేస్తే ప్రైమర్ (తూటా అడుగునుండే నిప్పు రాజేసే మందు) మీద దెబ్బ చాలక తూటా పేలదు. అందుకే రక్షణకి ఉంచుకునే పిస్టల్‌లో ఆ మార్పు నాకు అస్సలు నచ్చదు, ఆ డబ్బు మంచి మ్యాగజైన్లకీ తూటాలకీ పెట్టాలి.

మ్యాగజైన్ స్ప్రింగ్‌కి విశ్రాంతి ఇవ్వాలని తూటాలు తీసి పెట్టేవాళ్ళున్నారు. ఎలాస్టిక్ హద్దు దాటకపోతే మంచి ఉక్కు స్ప్రింగ్ నొక్కి ఉంచినంత మాత్రాన పెద్దగా అలిసిపోదు, మాటిమాటికీ నొక్కి వదలడమే దాన్ని అరగదీస్తుంది. ఇంకోటి, దసరాకి ఆయుధ పూజ చేసేటప్పుడు బొట్టు పిడి మీద పెట్టండి, కొక్కెం దగ్గర పసుపూ కుంకుమా పడితే నూనెతో కలిసి ముద్దకడుతుంది.

మన దగ్గర 9 ఎంఎం నిషేధిత బోరు (గొట్టం లోపలి కొలత), మామూలు జనానికి దొరకదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరుకీ టెస్టుకీ కూడా లైసెన్సున్న వ్యాపారే కావాలి, ఇంట్లో విప్పి చూసే పని పెట్టుకోవద్దు.

మేనల్లుడికి చెప్పాల్సింది ఇదండీ. స్ప్రింగ్ మార్చిన రోజే లెక్క సున్నాకి వచ్చేసింది, ఎందుకంటే పాత తూటాలు కాల్చింది వేరే పిస్టల్ కిందే లెక్క. ప్రాక్టీసుకి వాడే గుండ్రటి మూతి తూటా ఎక్కినంత మాత్రాన, రక్షణకి ఉంచే గుంట మూతి (హాలో పాయింట్) తూటా కూడా నున్నగా ఎక్కుతుందని లేదు, కాబట్టి ఖరీదెక్కువైనా దానికి వేరే లెక్క నడపాలి. ఒంటి చేత్తో కూడా కాల్చి చూడాలి. మ్యాగజైన్ల అడుగున పెయింట్‌తో నంబర్లు వేసి, ఎప్పుడు ఇరుక్కున్నా ఏ నంబరుదో, అందులో ఎన్నో తూటాయో పుస్తకంలో రాసుకోవాలి. ఇరుక్కున్నవన్నీ 2వ నంబరులోవే అయితే ముందు ఆ మ్యాగజైన్ పక్కన పడేసి, పిస్టల్‌లో ఏమీ మార్చకుండా మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలెట్టాలి.