మెడకి కట్టిన పట్టీ తోక కింద పిడుదుని ఎలా చంపుతుంది?

మా పక్కింటాయన మొన్న వాళ్ళ కుక్కకి పిడుదుల కాలర్ కొనుక్కొచ్చి "ఏవండీ, కట్టేదేమో మెడకి, పిడుదులేమో చెవుల్లో, కాలివేళ్ళ మధ్య, తోక కింద, మరి మందు అక్కడిదాకా ఎలా పోతుంది, వాసనకి చస్తాయా?" అని అడిగారు. భలే ప్రశ్న!

వాసన కాదండీ, బీరువాలో కలరా ఉండల్లా గాల్లోకి ఆవిరై పనిచేసేది కాదిది. ఆముదం దీపం గుర్తు తెచ్చుకోండి, వత్తి కొసన ఎంత కాలితే అంతే నూనె పైకి ఎక్కుతుంది కదా. కాలర్‌లో కూడా ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌లోనే మందు కలిపేసి ఉంటుంది, సెరెస్టో అనే బ్రాండ్‌లో అయితే 10 శాతం ఇమిడాక్లోప్రిడ్, 4.5 శాతం ఫ్లూమెత్రిన్ అనే రెండు మందులు. కుక్క చర్మం మీది జిడ్డు పట్టీ పైపొరలో మందుని తుడుచుకుపోతూ ఉంటే లోపల్నుంచి మరికాస్త పైకొస్తుంది, ఆ జిడ్డులోనే వెంట్రుకలు పట్టుకుని తోకదాకా పాకుతుంది. అందుకే 8 నెలలు వస్తుంది. పౌడర్ చల్లడం అంటే ప్రమిదలో నూనంతా ఒక్కసారే మంటలో పొయ్యడం. వత్తి నూనెకి తగలకపోతే దీపమే లేదు, కాబట్టి రెండు వేళ్ళు మాత్రమే దూరేలా బిగించాలి, వారం వారం షాంపూ రుద్ది ఆ జిడ్డంతా కడిగెయ్యకూడదు. దిష్టికి నల్లతాడు కట్టినట్టు ఊరికే వేలాడదీసి "పనిచెయ్యట్లేదు" అనేవాళ్ళని చాలామందిని చూశాను, బాధేస్తుంది.

పిడుదు కరవక్కర్లేదు, కాళ్ళకి అంటినా చాలు. ఫ్లూమెత్రిన్ పైరెథ్రాయిడ్, చామంతి జాతి పువ్వులోని విషాన్ని చూసి తయారుచేసిన మందుల కుటుంబం. పిడుదు నరాల్లో సోడియం దూరే తలుపులు తెరుచుకున్నవి మళ్ళీ సరిగ్గా మూసుకోవు, నరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది, చివరికి పిడుదు కాళ్ళు పట్టుతప్పి రాలిపోతుంది. కుక్క లివర్ దీన్ని తొందరగా విరగ్గొట్టేస్తుంది. పిల్లి లివర్ అలా కాదు, కుక్కలకిచ్చే ఇదే కుటుంబపు పెర్మెత్రిన్ పిల్లిని చంపెయ్యగలదు, దయచేసి ఒకరిది ఇంకొకరికి వాడకండి.

ఇంత గొడవెందుకంటే మన కుక్కలకి పట్టే గోధుమరంగు పిడుదు ఎర్లీషియా, బబీసియా జ్వరాలు మోస్తుంది, ఒక్క ఆడది గోడ పగుళ్ళలో 4,000 దాకా గుడ్లు పెట్టగలదు. అమెరికాలో అరిజోనా ఆదివాసీ ప్రాంతాల్లో ఇదే పిడుదు రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే జ్వరంతో మనుషుల్నే చంపింది. 2012లో అక్కడ ఒక ఊళ్ళో కుక్కలన్నిటికీ కాలర్లు కట్టి, పెరళ్ళలో నెలనెలా మందు కొట్టారు, నాలుగు నెలలకి పిడుదులు కనబడ్డ కుక్కలు 1 శాతం లోపే, ఈ పని చెయ్యని చోట 64 శాతం!

ముందే అతుక్కున్నవి చావడానికి రెండు రోజులు పట్టొచ్చు, కిరసనాయిలు పొయ్యకుండా, అగ్గిపుల్లతో కాల్చకుండా పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి. రక్తం తాగి ఉబ్బింది అచ్చం ఆముదం గింజలా ఉంటుంది, లాటిన్‌లో రెండిటికీ ఒకటే పేరు, రిసినస్. మూడోరోజు పక్కింటాయన కుక్కని దువ్వుతుంటే అలాంటిదే ఒకటి టప్పున నేలమీద పడింది, ఎనిమిది కాళ్ళూ పొట్టకిందకి ముడుచుకుని.