గారపళ్లు, పట్టేసిన నడుములు, ఆ తర్వాతే పసిబిడ్డ

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. ఆ మాట అనగానే అందరూ నల్లగొండ పేరే చెబుతారు. నల్లగొండ మీద సిద్దిఖీ అనే పరిశోధకుడి వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది 1955లో. అంతకు 18 ఏళ్ల ముందే, 1937లో, ఇండియన్ మెడికల్ గెజిట్ ఈ జబ్బు మీద వేసిన వ్యాసం శీర్షికలోనే నెల్లూరు జిల్లా పేరుంది. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లాయి. అందుకే తర్వాతి వైద్యులు ఆ తొలి కేసులను ప్రకాశం జిల్లా కేసులని రాస్తారు. పేరు మారింది గానీ నీళ్లు మారలేదు.

ముందు పట్టుబడింది మనుషుల్లో కాదు, ఎద్దుల్లో. 1930ల మొదట్లో కీళ్లు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వేయలేని ఎద్దులను రైతులు గమనించారు. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే పళ్లకు గార పడుతుందని అమెరికాలో చర్చిల్ అనే రసాయనవేత్త తేల్చింది 1931లో. మరుసటి ఏడాది కోపెన్‌హాగన్‌లో ఫ్లోరైడ్ ఉండే క్రయొలైట్ ఖనిజం దుమ్ము పీల్చిన కార్మికుల ఎముకల్లో మార్పులు బయటపడ్డాయి. అక్కడ ఫ్యాక్టరీలో చేసిన పనికి వచ్చిన జబ్బు, ఇక్కడ ఊరి బావిలో చేద వేసినందుకే వచ్చింది. మద్రాసు గిండీలోని వైద్య పరిశోధన సంస్థ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, మద్రాసు ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్ తదితరులు 1937లో రాసింది ఈ ఎముకల గురించే. షార్ట్‌కు ప్రపంచంలో పేరొచ్చింది మాత్రం తర్వాత, మలేరియా పరిశోధనతో.

ఇది నరాల జబ్బుగా ఎలా మారుతుందో కాస్త చూడాలి. ఏళ్ల తరబడి తాగిన ఫ్లోరైడ్ ఎముకలో పేరుకుంటుంది. వెన్నుపూసల మధ్య మెత్తగా వంగాల్సిన కట్లు గట్టిపడి ఎముకలా మారతాయి. వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకవుతుంది. మొదట వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మెడ తిరగదు. నడుం పట్టేసి, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వస్తుంది. తర్వాత కాళ్లు బిగుసుకుని, చివరికి మంచానికి అతుక్కుపోతాడు. దీన్ని దశాబ్దాలపాటు పట్టుకుని రాసింది హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి.

1940లో సి.జి. పండిట్ బృందం మరో వ్యాసం రాసింది. ఈయనే తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టర్. పోషకాహారం లేని ఊళ్లలో ఎముకల బాధ ఎక్కువని ఆ బృందం గమనించింది. నాకు మాత్రం అందులోని విషయం కంటే శీర్షికే ముఖ్యంగా తోస్తుంది. పిల్లల్లో పళ్ల గార, పెద్దల్లో ఎముకల తీవ్రత అని జబ్బును వయసుల వారీగా పంచేసింది. పళ్లు రాని, నడుం పట్టని పసిబిడ్డకు ఆ పంపకంలో వాటా లేదు. 1970ల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మోకాళ్లు లోపలికి వంగిన పిల్లలను పరీక్షించినప్పుడూ చూపు ఎముకల మీదే.

నిజానికి పసితనం సాక్ష్యం పంటి మీదే ఉంది. ఆరేడేళ్లకు వచ్చే ముందుపళ్ల పింగాణీ చిగురు లోపల తయారయ్యేది తొలి మూడు నాలుగేళ్లలో. బడిలో నవ్వే పిల్లాడి పంటి మీది గోధుమరంగు చార, వాడు చంకలో ఉన్నప్పుడు తాగిన నీళ్ల లెక్క.

మెదడు సంగతి ఈమధ్యే గట్టిగా చర్చకొచ్చింది. ఫ్లోరైడ్ మాయ దాటి కడుపులోని బిడ్డను చేరుతుంది. గర్భిణుల మూత్రంలో ఫ్లోరైడ్ కొలిచి, వాళ్ల పిల్లల తెలివితేటలను పరీక్షించిన అధ్యయనాలు మెక్సికోలో 2017లో, కెనడాలో 2019లో వెలువడ్డాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల ఐక్యూ తగ్గడంతో సంబంధం కనిపిస్తోందని అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2024లో ఓ మోస్తరు నమ్మకంతో చెప్పింది. అంతకంటే తక్కువ మోతాదు మీద వాదనలు తెగలేదు. సంబంధం ఉందంటే కారణమని రుజువైనట్టు కాదు కూడా. అయితే 1.5 అనేది మన బోర్లకు కొత్త అంకె కాదు. భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రామే. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటుంది.

తల్లిపాలలో మాత్రం, తల్లి ఏ నీళ్లు తాగినా, ఫ్లోరైడ్ నామమాత్రమే. చిక్కంతా పోతపాలతోనే. పొడిపాలకో, గేదెపాలు పలచన చేయడానికో బోరు నీళ్లు కాస్తారు. కాగితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది.

మెక్సికో, కెనడాల్లో గర్భిణుల మీద చేసినలాంటి అధ్యయనం ఇక్కడ చేయాలంటే ఇప్పుడు 1937 కంటే కష్టం. అప్పుడు ఏ బావి నీళ్లని అడిగితే ఒక్క జవాబు. ఇప్పుడు తాగడానికి క్యాను, అన్నం పప్పులకు బోరు, వచ్చిన రోజున సాగర్ నీళ్లు. పైగా ఏడో నెలలో పుట్టింటికి వెళ్లిన కూతురు బిడ్డకు అయిదో నెల వచ్చాక గానీ అత్తగారింటికి రాదు. అక్కడి బోరు వేరు.